డబ్బా వెనక స్టూలు

మా మామ పోయారన్న కబురు నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. నేను ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. మా సెక్షన్‌లోకి ఫోన్లు తీసుకెళ్లం. సూపర్‌వైజరు వచ్చి "మీ ఇంటికెల్లి మనిషొచ్చిండమ్మా, జర బయటికి రా" అనగానే చేతిలో పని వదిలేసి గేటుకు నడిచాను. పొద్దున చాయ్ తాగి కప్పు కింద పెడుతూ ఛాతీ పట్టేసినట్టుందన్నారట. దవాఖానకు చేరేలోపే ఆటోలోనే ప్రాణం పోయింది.

నేను ఇల్లు చేరేసరికి ఆయన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. ఇంటినిండా జనం, ఏడుపులు. చెబితే మీరు నన్ను రాతిగుండె మనిషి అనుకుంటారేమో గానీ, ఆ ఏడుపుల మధ్య నాకు మొదట వినబడింది ఫ్రిజ్ చప్పుడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి, మామ ముందు గదిలో ఉండగా ఆ ఫ్రిజ్ అంత నిబ్బరంగా మోగడం ఎప్పుడూ వినలేదు. "జర దాన్ని బంద్ చెయ్యిన్రి, ఏం ఇననిస్తలేదు" అనేవారు ఆయన. ఇప్పుడు ఎవరూ అనడం లేదు. అది తోచగానే నాకు ఏడుపొచ్చింది.

ఫ్రిజ్‌తో ఆయనకు పగ ఏమిటని మీరు అడుగుతారు. పగ ఫ్రిజ్ ఒక్కదానితోనే కాదు. ఇంట్లో, వీధిలో, చర్చిలో గుయ్యిమని మోగే ప్రతిదాని మీదా ఆయనకు అనుమానమే. దానికి కారణం మా ఇంట్లో ఉన్న డబ్బా.

మామ చెరుకు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యారు. వయసులో ఉన్నప్పుడు చర్చిలో గిటారు వాయించేవారట. వేళ్ల కీళ్లు బిగుసుకుపోయాక వాయించడం మానేశారు, వినడం మానలేదు. హైదరాబాద్‌లో పెళ్లిళ్లకు వాయించే ఒక బ్యాండు మూతపడితే, వాళ్ల పాత గిటారు ఆంప్లిఫయర్‌ను బస్సు టాపు మీద వేసుకొని జహీరాబాద్ తెచ్చుకున్నారు. ముందర గోనెపట్టా లాంటి గుడ్డ, వెనక ఏ మూతా లేని చెక్క పెట్టె. ఇంట్లో అందరూ దాన్ని డబ్బా అనే అంటారు. ఇప్పటి వాటిలాగా అందులో చిప్పులు ఉండవు, ట్యూబులు ఉంటాయి. ట్యూబు అంటే నేను మొదట ట్యూబులైటు అనుకున్నాను. కాదు, వేలెడంత గాజు బుడ్లు. కరెంటు పెడితే కాసేపటికి లోపల నిప్పుకణికలాగా ఎర్రబడతాయి. గిటారు తీగ మోగితే చీమంత కరెంటు పుడుతుంది. ఆ చీమను ఈ బుడ్లు ఏనుగును చేసి స్పీకరుకు పంపుతాయి. చిక్కేమిటంటే, వచ్చిన చీమ మంచిదా చెడ్డదా అని అవి చూడవు. పాటను ఎంత పెంచుతాయో పక్కనున్న పనికిమాలిన రొదనూ అంతే పెంచుతాయి.

అందరూ ఆ డబ్బా ముందు కూర్చొని పాట వింటారు. మామ మాత్రం వెనక కూర్చునేవారు. గోడకు, డబ్బాకు మధ్య ఒక చెక్క స్టూలు ఉండేది. దాని మీద కూర్చొని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, ఆ ఎర్రటి బుడ్లనే చూస్తూ వినేవారు. ముందుకు రమ్మంటే "ముంగట పాట ఒక్కటే ఇనబడ్తది, ఎనక అన్నీ ఇనబడ్తయి" అనేవారు.

పెళ్లయి కోహీర్ నుంచి వచ్చినప్పుడు నా సామానులో ఒక గిటారు ఉంది. మా ఊరి చర్చిలో నేర్చుకున్నాను. అత్తగారింట్లో దాన్ని ఏ బీరువా వెనక దాచాలా అని చూస్తుంటే మామ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. కొత్త కోడలి గదిలోకి రావడానికి మొహమాటం ఒకవైపు, గిటారును చూసి ఆగలేకపోవడం ఒకవైపు.

"బిడ్డా, ఒక్కసారి మన డబ్బాకు పెట్టి చూద్దమా?"

పెట్టాం. ట్యూబులు వేడెక్కేదాకా ఏ చప్పుడూ లేదు. ఎర్రబడగానే గుయ్యిమని రొద మొదలై గది నిండిపోయింది. ఏదో పాడు చేశానని భయపడి గిటారు వైరు పీకబోయాను. మామ చేయి అడ్డం పెట్టారు.

"ఆగాగు. ముందు ఇను. తర్వాత ముట్టు."

ఆయన మొహం చుట్టం వచ్చినట్టు వెలిగిపోతోంది. నన్ను ఇటు తిరగమన్నారు. తిరిగాను. "ఇంకా జర. హైవే దిక్కు. ఆఁ, ఇప్పుడు కిటికీ దిక్కు" అన్నారు. కిటికీ వైపు తిరగ్గానే రొద రెట్టింపయింది. వంటింటి వైపు తిరిగితే దాదాపు చచ్చిపోయింది. ఆయనకు నమ్మకం కుదరక మళ్లీ కిటికీ వైపు, మళ్లీ వంటింటి వైపు తిప్పారు. పట్టుచీర కట్టుకొని మెడలో గిటారుతో నేను ముందు గదిలో గిరగిరా తిరుగుతుంటే అత్తమ్మ చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడిపోయింది.

అత్తమ్మది బీదర్ వైపు. కోపమొస్తే ఆమెకు కన్నడం వస్తుంది. "సాకు, సాకు!" అంది, ఇక చాలించమని. "పిల్ల వచ్చి రెండు దినాలు కాలె, బొంగరం తిప్పినట్టు తిప్పుతున్నవ్. కండ్లు తిరిగి పడితే వాళ్లమ్మకు నువ్వు జవాబు చెప్తవా?"

"అది కాదే. గిటారుకు చెవులున్నయి. కిటికీ అవుతల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది గద, దాని సప్పుడు గూడ ఇంటున్నది. జర మొకం తిప్పుకుంటే ఇనదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గిటారు తీగల కింద అయస్కాంతానికి చుట్టిన రాగి తీగ ఉంటుంది. అది పైనున్న తీగలనే కాదు, చుట్టుపక్కల కరెంటునూ పసిగడుతుంది. ఒక వైపు తిప్పితే బాగా వింటుంది, ఇంకో వైపు తిప్పితే వినదు. ఆ రోజు నుంచి నేను ఆ గదిలో ఎప్పుడు వాయించినా వంటింటి వైపు తిరిగే వాయిస్తాను. వంటింటి గడప మీద అత్తమ్మ కూర్చొని వెల్లుల్లి వొలుస్తూ ఉండేది. "మా కోడలు నా దిక్కు చూసుకుంటనే వాయిస్తది" అని వీధిలో అందరికీ చెప్పుకుంది. మామకు అసలు కారణం తెలుసు, ఎన్నడూ నోరు విప్పలేదు. కొన్నేళ్లకు నాకే ఆ కారణం గుర్తుండటం మానేసింది. నిజంగానే ఆమెను చూస్తూ వాయించడం అలవాటైంది.

రొదల్లో రెండు జాతులున్నాయనేది మామ సిద్ధాంతం. ఒకటి జోరీగ. సన్నగా జుయ్యిమంటూ చెవి చుట్టూ తిరుగుతుంది. రెండోది గిర్ని, అంటే పిండిమర. గుమ్మని లోతు నుంచి వస్తుంది. "జోరీగ బయటికెల్లి వస్తది, గిర్ని ఇంట్లనే ఉంటది" అనేవారు. ఏదో తేల్చుకోవాలంటే ముందు డబ్బా నుంచి గిటారు వైరు పీకేయాలి. పీకగానే ఆగిందా, అది జోరీగ. లైటో మోటారో పాడైన వైరో, బయటిదేదో లోపలికి దూరినట్టు. పీకినా ఆగలేదా, అది గిర్ని. కరెంటును తేటపరిచే కెపాసిటర్లు ముసలివై, డబ్బా కడుపులోనే జబ్బు చేసినట్టు.

గిర్ని అయితే పని మామది. నన్ను దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. "ప్లగ్గు పీకినంక గూడ దాంట్ల కరెంటు కూసోనుంటది. నిద్రపోయిన పామనుకో" అనేవారు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి అది ఆయన్ని కొట్టి గోడకు విసిరిందట. ఆ కథ చెప్పేటప్పుడు కూడా మొహంలో భయం కంటే గౌరవమే ఎక్కువ కనబడేది. లోపల చేయి పెట్టాల్సి వస్తే తనను పిలవమని, తను లేకుంటే అసలు ముట్టనే వద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

జోరీగ అయితే ఇల్లంతటికీ పని. ఫ్యాన్ బంద్, ట్యూబులైటు బంద్, టీవీ బంద్, ఫ్రిజ్ బంద్. అన్నీ ఒకేసారి కాదు, అక్కడే ఉంది అసలు నరకం. "ఒక్కసారి రెండు ముట్టకు. రెండు ముడితే దొంగ ఎవరో తెల్వది" అనేవారు. ఒకటి ఆపాలి, వినాలి, మళ్లీ వేయాలి, ఇంకొకటి ఆపాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాన్ ఆపిన గదిలో మేమిద్దరం చెవులు రిక్కించుకొని కూర్చుంటే అత్తమ్మ విసనకర్ర పట్టుకొని మామను తిట్టేది. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతే ఆ తిట్లు రెండు రోజులు సాగేవి.

ఆయన ఈ సూత్రాన్ని పప్పు దాకా తెచ్చారు. "నిన్న పులుపు ఎక్కువైంది. ఇయ్యాల్ల పులుపు తగ్గించినవ్, ఉప్పు పెంచినవ్. రెండు మారిస్తే ఏది చెడగొట్టిందో ఎట్ల తెలుస్తది?"

"తెల్వకుంటే తెల్వకపోనీ. తిను" అనేది అత్తమ్మ.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఫ్యాక్టరీలో నా పనికి పనికొచ్చింది ఆ మాటే. ఒక పార్టులో తేడా వస్తే అందరూ కలిసి అన్నీ మార్చేసి, బాగైందని చేతులు దులుపుకొనే చోట, నేను ఒక్కటే మార్చి ఆగుతాను. మొదట్లో విసుక్కున్న వాళ్లే ఇప్పుడు నా కోసం ఆగుతారు. అందుకు నేను ఎవరికి రుణపడ్డానో వాళ్లకు తెలియదు.

మామ అనుమానాలు ఎప్పుడూ నిజమయ్యేవని అనుకోకండి. ఒక ఏడాది వానాకాలంలో సాయంత్రాలు మాత్రమే జోరీగ వచ్చేది. మా వీధి చివర అల్లం వ్యాపారి ఒకాయన మోటారు పెట్టి అల్లం కడిగిస్తాడు. దొంగ ఆ మోటారే అని మామ తీర్మానించారు. వెళ్లి ఆయన పక్కన కూర్చొని, మంచీచెడ్డా మాట్లాడి, మెల్లగా మోటారు కాసేపు ఆపమని అడిగారు. పెద్దాయన అడిగాడని ఆయన ఆపాడు. ఇంట్లో నేను గిటారు పట్టుకొని విన్నాను. జోరీగ అలాగే ఉంది. మామ తిరిగొచ్చి, "నా అనుమానం చచ్చిందా? మంచిగైంది, ఒకటి తగ్గింది" అని సంబరపడ్డారు. తన మాట తప్పైనందుకు అంత సంతోషించే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

చివరికి ఆ జోరీగ ఎక్కడ దొరికిందంటే, ఆయన దిండు దగ్గరే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మరిది కొత్త సెల్‌ఫోను తెచ్చిచ్చాడు. దాని ఛార్జరును మామ సాయంత్రం కాగానే మంచం పక్కన ప్లగ్గులో పెట్టేవారు. అత్తమ్మ పండగ చేసుకుంది. "గల్లీ అంత తిరిగిండు, దొంగ ఈయన దిండు కిందనే ఉండె!" మామ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత నాతో అన్న మాట ఇది: "సప్పుడు కొత్తగ వస్తే ముందు ఒక్కటే అడుగు బిడ్డా. కొత్తగ ఏమొచ్చింది?"

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు నవ్వు ఉండేది కాదు. చర్చిలో ఒక ఆదివారం మా డబ్బానూ మైకుల మిక్సర్‌నూ కలిపితే పెద్ద రొద పుట్టింది. కీబోర్డు వాయించే అబ్బాయి ఎక్కడో చూసి నేర్చుకున్న చిట్కాతో డబ్బా ప్లగ్గుకున్న మూడో పుల్లను, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే అర్త్ పుల్లను, కటింగ్ ప్లేయరుతో తీసేయబోయాడు. రొద నిజంగానే ఆగేది. మామ ఆ చేయి పట్టుకున్నారు. "గుయ్యిమంటే చెవికి నొప్పి. అర్త్ లేకుంటే పాణానికి నొప్పి. ముట్టకు." పాస్టరుగారు ఆరాధన మొదలుపెట్టాలని చూస్తున్నా ఆయన వినలేదు. డబ్బా ప్లగ్గు ఒక గోడ బోర్డుకు, మిక్సరుది ఇంకో గోడ బోర్డుకు పెట్టారని చూసి, రెంటినీ ఒకే బోర్డుకు మార్చారు. రొద పోయింది. ఎలా పోయిందని ఆ అబ్బాయి అడిగితే, "రెండు బాయిల నీళ్లు ఒక్క మట్టంల ఉంటయా? రెంటి నడుమ కాలువ తీస్తే పారుతనే ఉంటయి. ఒక్క బాయికెల్లి తోడుకుంటే లొల్లి లేదు" అన్నారు. నాకు ఆ కిటుకు అర్థమైంది ఆ రోజే.

అర్త్ మీద ఆయన భక్తి అలాంటిది. మా ఇంటి వెనక అర్తింగు గుంత ఉంది. మాది నీళ్లకు కటకటలాడే నేల. మన్ను ఎండితే అర్త్ సరిగా దొరకదని, రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే బకెట్‌తో నీళ్లు పోసేవారు. గోడవతల పక్కింటామె తులసికి నీళ్లు పోసే వేళకే ఇవతల ఈయన గుంతకు పోసేవారు. ఒకసారి ఆమె నన్ను పక్కకు పిలిచి, "మీ మామ పొద్దుగాల ఏ చెట్టుకు నీళ్లు పోస్తడు? మొలుస్తలేదేంది?" అని అడిగింది.

ఇక ఆయన పోయాక జరిగింది చెబుతాను.

సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్లకు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. సమాధికి వచ్చిన మా ఆయన అప్పటికే సెలవు అయిపోయి గల్ఫ్ పనికి వెళ్లిపోయారు. సాయంత్రం ప్రార్థన, పాటలు, భోజనం. అత్తమ్మ దేనికీ ఏమీ అనలేదు. ఒక్కటే కోరింది. ఆయనకు ఇష్టమైన కీర్తనను నేను ఆ డబ్బాలోంచే వాయించాలి. మరిది మైకులకని కిరాయి సౌండు బాక్సులు తెప్పించాడు. "వదినా, గిటారు గూడ గీ బాక్సులకే పెడదాం. ఆ డబ్బా మొరాయిస్తే అందరి ముంగట ఇజ్జత్ పోతది. బాగు చేసేటోడే లేకపాయె. కూడిక అయినంక ఎవరికన్న ఇచ్చేద్దాం, మూల కూసుని తుప్పు పట్టుడెందుకు?" అన్నాడు. చెడ్డవాడు కాదు, నాన్న పోయిన ఇంట్లో నాన్న సామాను చూడలేకపోతున్నాడు. అత్తమ్మ తలెత్తి నా వైపు చూసి మళ్లీ దించుకుంది. ఈ ఒక్క సాయంత్రం డబ్బా సరిగా పలికితే ఇంట్లో ఉంటుంది, లేకపోతే పోతుంది. అది ముగ్గురికీ అర్థమైంది.

మధ్యాహ్నం ముందు గదిలో అంతా సర్దాక డబ్బాకు కరెంటు పెట్టాను. ట్యూబులు ఎర్రబడ్డాయి. వంటింటి వైపు తిరిగి గిటారు అందుకున్నానో లేదో, జుయ్యిమని జోరీగ. అలాంటిలాంటిది కాదు, బయట షామియానా కడుతున్న వాళ్లు తొంగి చూసేంత. పైగా దానికి ఒక తాళం ఉంది. పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది. మామ ఉంటే తొడ మీద దరువేసేవారు.

"నేను చెప్పలే?" అన్నాడు మరిది.

ముందు ఇను, తర్వాత ముట్టు. గిటారు వైరు పీకాను. రొద ఆగిపోయింది. అమ్మయ్య, గిర్ని కాదు. లోపల చేయి పెట్టే పని లేదు, వేసిన ఒట్టు తప్పే పని లేదు. ఫ్యాన్ ఆపాను, విన్నాను, వేశాను. ట్యూబులైటు ఆపాను, విన్నాను, వేశాను. నేను ఫ్రిజ్ దాకా వెళ్లేసరికి అత్తమ్మ గడప మీద కూర్చొని చూస్తోంది. ఎన్నడూ లేనిది, తనే చేయి చాపి స్విచ్చి బంద్ చేసింది. జోరీగ అలాగే ఉంది. వైరు మార్చాను. బోర్డు మార్చాను. అలాగే ఉంది.

అప్పటికీ ఇప్పటికీ ఈ ఇంట్లో ఏం మారిందని ఆలోచిస్తే నాకు తట్టిన జవాబు ఒక్కటే. మామ లేరు. ఆయన లేరు గనుక గుంతకు నీళ్లు పోసేవాళ్లు లేరు. ఇదే అయ్యుంటుంది, ఇదే కావాలి అనిపించింది. పెరట్లోకి పరుగెత్తాను. గుంత మన్ను పగుళ్లు తేలి ఉంది. బకెట్ మీద బకెట్ పోశాను. మన్ను గుటకలేసి తాగింది. చీర కుచ్చిళ్లు తడిసి, రొప్పుతూ లోపలికొచ్చి గిటారు మోగించాను.

ఏమీ మారలేదు. జోరీగ అదే తాళంలో పాడుతోంది.

అక్కడే కూలబడ్డాను. ఏడుపూ వచ్చింది, కొంచెం నవ్వూ వచ్చింది. నా అనుమానం చచ్చింది. మంచిగైంది, ఒకటి తగ్గింది. అప్పుడు గుర్తొచ్చింది, మామ ఎన్నడూ ఏం పోయిందని అడగమనలేదు. కొత్తగా ఏమొచ్చిందని అడగమన్నారు. నేను పోయినదాని చుట్టూనే తిరుగుతున్నాను.

లేచి గిటారు మెడలో వేసుకున్నాను. మామ చేసినట్టే దాన్ని కుక్కలాగా వాసన చూపిస్తూ గదంతా తిప్పాను. కిటికీ దగ్గర కొంచెం. గుమ్మం దగ్గర ఇంకా తక్కువ. డబ్బా వైపు ఒక్కో అడుగు వేస్తుంటే పెరుగుతోంది. గిటారును డబ్బా పైదాకా ఎత్తేసరికి అది గోల పెట్టింది. నా ఎదురుగా, చెయ్యెడు దూరంలో, మామ మొహం.

మరిది హైదరాబాద్ నుంచి తెచ్చిన ఫోటో అది. ఫ్రేము చుట్టూ పరుగెత్తే రంగుల లైట్లు. చిన్న అడాప్టరు ఒకటి పూలదండ చాటున దాగి ఉంది. సమాధి రోజు నుంచి అత్తమ్మ దాన్ని తన గదిలో మంచం పక్కన పెట్టుకుంది, ఒక్క క్షణం కూడా ఆరనివ్వలేదు. ఈ మధ్యాహ్నమే అందరం కలిసి, ఆయన డబ్బా మీద ఆయన్నే కూర్చోబెడదామని తెచ్చి పెట్టాం. ఎంత గౌరవంగా పెట్టామో! లైట్లు పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి, మళ్లీ పెరుగుతున్నాయి. వాటితో పాటే జోరీగ.

దొంగ దొరికాడు. కానీ ఎలా చెప్పను? ఆ వెలుగు ఉంటే తప్ప అత్తమ్మకు కన్ను మూతపడటం లేదు. దాన్ని ఆర్పమంటే ఆమె ప్రాణం విలవిల్లాడుతుంది. ఆర్పకపోతే ఆమె కోరిన పాట లేదు, ఆ తర్వాత డబ్బా కూడా లేదు. గిటారు పట్టుకొని అలాగే నిలబడ్డాను.

"దొరికిండా?" అంది అత్తమ్మ గడప మీది నుంచి. అన్నేళ్లు మామను తిడుతూ ఆ వేటంతా చూసిన మనిషి. నా మొహం చూస్తేనే ఆమెకు తెలిసిపోతుంది.

"దొరికిండు అత్తమ్మా."

"ఎవరు?"

చెప్పక తప్పలేదు. "మామనే."

ఆమె లేచి వచ్చింది. ఫోటోను చూసింది, లైట్లను చూసింది. నేను గిటారును దగ్గరికి తెచ్చి, దూరం జరిపి వినిపించాను. మరిది "అమ్మా, వద్దులే, లైటు ఉండనీ, బాక్సులకే పెడదాం" అన్నాడు. ఆమె చేయి అడ్డం పెట్టి ఆపింది, అచ్చం మామలాగే. కాసేపు ఊరికే విన్నది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది, కళ్ల నిండా నీళ్లతో.

"బతికినన్ని దినాలు నా ఫ్యాన్ బంద్ చేయించిండు, నా ఫ్రిజ్ బంద్ చేయించిండు. ఎన్ని పాలు ఇరగ్గొట్టిండు! సాకు. ఇయ్యాల్ల ఆయన లైటు నేను బంద్ చేస్త."

పూలదండ పక్కకు జరిపి, తన చేత్తోనే ప్లగ్గు పీకింది. జోరీగ ఠక్కున ఆగిపోయింది. గదిలో మిగిలింది ట్యూబులు చేసే సన్నటి చప్పుడు మాత్రమే. ఆ మాత్రం ఎప్పుడూ ఉండేది. దాన్ని మామ ఏనాడూ వేటాడలేదు.

"మరి ఫోటో ఏడ పెడదమే?" అన్నాడు మరిది.

"ఆయన ఎన్నడన్న డబ్బా మీద కూసున్నడా?" అంది అత్తమ్మ. "స్టూలు తే."

స్టూలు బయట షామియానా కట్టేవాళ్ల దగ్గరుంది. మరిది వెళ్లి తెచ్చాడు. గోడకూ డబ్బాకూ మధ్య, దాని పాత చోట్లో వేసి, అత్తమ్మ కొంగుతో తుడిచి, దాని మీద మామను కూర్చోబెట్టింది.

సాయంత్రం కీర్తన వాయించాను. వంటింటి వైపు తిరిగి, గడప మీద కూర్చున్న అత్తమ్మను చూస్తూ. బాగా వాయించానో లేదో తెలియదు. రొద మాత్రం లేదు.

అందరూ తిని వెళ్లిపోయారు. బయట షామియానా విప్పుతున్నారు. ఎవరో గుమ్మం దాకా వచ్చి, పైన ముడి అందడం లేదు, మధ్యాహ్నం వాడిన స్టూలు ఇవ్వమని అడిగారు. నేను లేవబోయాను.

"కుర్చీ తీస్కపొమ్మను" అంది అత్తమ్మ. "దాని మీద మనిషి కూసున్నడు."

డబ్బా ఇంకా ఆపలేదు. గదిలో చీకటిగా ఉంది, ఆర్పిన లైటు ఎవరమూ మళ్లీ వేయలేదు. వెనక ట్యూబులు ఎర్రగా వెలుగుతున్నాయి. ఆ ఎరుపు ఫోటో అద్దం మీద పడి, మామ గడ్డం కింద, చొక్కా బొత్తాల మీద, చిన్న చిన్న నిప్పుకణికల్లాగా నిలిచి ఉంది.